సున్నా సరే, మరి చుక్క సంగతేంటి?

ప్రోగ్రామర్లు నలుగురు ఒకచోట చేరితే మూడు గొడవలు ఎప్పటికీ తెగవు. ట్యాబులా స్పేసులా, విమ్మా ఈమ్యాక్సా, ఎడిటర్లో ఏ ఫాంటు. మొదటి రెండిటి జోలికి నేను పోను, ఉన్న నలుగురు స్నేహితులూ పోతారు. మూడోదాని మీద మాత్రం నాకో గట్టి అభిప్రాయం ఉంది. చాలా రోజుల్నించీ రాద్దాం అనుకుంటూనే ఉన్నా, ఇవాళ రాసేస్తున్నా.

"నా ఎడిటరు, నా కళ్ళు, నాకు నచ్చిన ఫాంటు, మధ్యలో నీకేంటి నొప్పి?" అంటారా? మీరు రాసింది మీ తెర మీద మీరొక్కరే చదువుకుంటే నాకే నొప్పీ లేదు. చేతిరాతలాంటి ఫాంటు పెట్టుకోండి, గులాబీ రంగులో పెట్టుకోండి. కానీ మీరు రాసినదాన్ని ఇంకెవరో, ఇంకెక్కడో, మీ తెర కన్నా నాసిరకం తెర మీదో జిడ్డు కాయితం మీదో చదవాల్సి వస్తే మాత్రం అది మీ ఇష్టాయిష్టాల విషయం కాదు. ఆ ఫాంటు ఆ చదివేవాడి కోసం ఎంచాలి. ఈ టపా మొత్తం ఇదే.

నేను చదివింది మెకానికల్, చేసేది సాఫ్ట్‌వేర్. మనలో ఇదేం వింత కాదు లెండి. కాకపోతే నా బండి హైటెక్ సిటీ వైపు కాకుండా పటాన్‌చెరు వైపు తిరుగుతుంది. జాబ్ షాపుల్లో ఉండే సీఎన్సీ మెషీన్లకి ప్రోగ్రాములు పంపే, దాచే, ప్రింటు తీసే సాఫ్ట్‌వేర్ మాది. రామచంద్రాపురంలో 1960లలో బీహెచ్ఈఎల్ వచ్చింది, 1980లలో ఎద్దుమైలారంలో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ వచ్చింది, భానూరులో బీడీఎల్ ఉంది. పెద్ద ఫ్యాక్టరీల చుట్టూ వాటికి పార్టులు చేసిచ్చే చిన్న షెడ్లు పుట్టుకొస్తాయి కదా. పటాన్‌చెరు నించి ఇస్నాపూర్, పాశమైలారం దాకా, ఇటు బొల్లారం దాకా అలాంటి షెడ్లు లెక్కలేనన్ని. రెండు లేతులు, ఒక మిల్లింగ్ సెంటరు, ఒక టీ ఫ్లాస్కు. మా వినియోగదారులు వీళ్ళే.

ప్రోగ్రామింగ్ ఫాంటు అనగానే మనకి జావా, పైథాన్ గుర్తొస్తాయి. నాకు గుర్తొచ్చేది సీఎన్సీ మెషీన్ ముందు నిలబడి, ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కాయితం చూస్తూ, ఒక్కో మీటా నొక్కుతున్న మనిషి. అతను చదివేదీ ప్రోగ్రామే.

తెలియనివాళ్ళకి క్లుప్తంగా. మామూలు ఫాంటులో చిన్న ఐ సన్నగా, పెద్ద డబ్ల్యూ వెడల్పుగా ఉంటాయి. మోనోస్పేస్ ఫాంటులో, మన పాత బ్లాగరుల మాటలో చెప్పాలంటే సమవెడల్పు ఖతిలో, ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు గడి. ఇది టైపుమిషన్ నించి వచ్చిన అలవాటు. ఏ మీట నొక్కినా క్యారేజీ ఒకే దూరం జరుగుతుంది మరి. కొరియర్ ఫాంటు పుట్టిందే 1950లలో ఐబీఎం టైపుమిషన్ల కోసం, హోవర్డ్ కెట్లర్ చేతిలో. 1928లో ఐబీఎం తెచ్చిన పంచ్ కార్డులో 80 నిలువు వరుసలు, 1978లో వచ్చిన వీటీ100 టెర్మినల్లో 80 నిలువు వరుసలు. పైథాన్ వాళ్ళు ఇవాళ్టికీ వరసకి 79 అక్షరాలు దాటొద్దంటారు. టైపుమిషన్ పోయింది, కార్డు పోయింది, గడులు మాత్రం ఉండిపోయాయి.

ఉండటం మంచిదే. అంకెలు ఒకదాని కింద ఒకటి వరసగా నిలబడితే తప్పు ఇట్టే కనపడుతుంది. కిరాణా కొట్టాయన పద్దు పుస్తకంలో ఒకట్లు ఒకట్ల కింద, పదులు పదుల కింద రాసేదీ అందుకే.

సరే, ఇక సీఎన్సీ ప్రోగ్రాము ఎలా ఉంటుందో చూడండి. 1952లో అమెరికాలో ఎంఐటీ వాళ్ళు అంకెలతో నడిచే మిల్లింగ్ మెషీన్ చూపించారు. ఆ తరవాత స్థిరపడిన భాషని జీ కోడ్ అంటారు, ఐఎస్ఓ 6983 అని దానికో ప్రమాణం కూడా ఉంది. ఇందులో పదాలు లేవు. ఒక ఇంగ్లీషు అక్షరం, దాని వెనక ఒక అంకె, అంతే. జీ అంటే ఎలా కదలాలో, జెడ్ అంటే ఎంత ఎత్తులో, ఎస్ అంటే స్పిండిల్ ఎంత వేగంతో తిరగాలో. గుండ్రంగా కోసేటప్పుడు కేంద్రం ఎక్కడుందో ఐ చెప్తుంది. తిరిగే టేబులు ఉంటే దాని కోణం బీ. ఫానుక్ కంట్రోలు ఐతే ప్రోగ్రాము నంబరే ఓ అక్షరంతో మొదలవుతుంది, దాని వెంటనే 0001 లాంటి నాలుగంకెలు.

ఇప్పుడు ఈ అక్షరాలన్నీ వరసగా పేర్చి చూడండి. ఓ చూస్తే 0 లా ఉంటుంది. ఐ చూస్తే 1. జెడ్ చూస్తే 2. ఎస్ చూస్తే 5. జీ చూస్తే 6. బీ చూస్తే 8. పనిగట్టుకుని వెతికినా ఇంతకన్నా మోసం చేసే అక్షరాలు దొరకవు! ఈ భాష తయారు చేసినవాళ్ళని తిట్టి లాభం లేదు, 70 ఏళ్ళ నాటి సంగతి. ఇప్పుడు ఆ జంటల్ని విడదీయాల్సింది ఫాంటే.

మనలాంటి వాళ్ళకి ఇది పెద్ద సమస్య అనిపించదు, దానికో కారణం ఉంది. మనం ఇంగ్లీషుని అక్షరం అక్షరం చదవం, మాట మాట చదువుతాం. "రిటర్న్" అనే మాటలో ఒక అక్షరం చెరిగిపోయినా బుర్ర దానంతటదే పూరించేస్తుంది. జీ కోడ్‌లో మాటల్లేవు, కాబట్టి పూరించడానికీ ఏం లేదు. పైగా చదివేవాళ్ళెవరు? ఐటీఐ చేసి వచ్చిన నారాయణఖేడ్ కుర్రాడు, బీహార్ నించో ఒడిశా నించో వచ్చి ఇస్నాపూర్లో గది తీసుకుని ఉంటున్న ఆపరేటరు. తెలుగులోనో హిందీలోనో గబగబా చదవగలరు. ఇంగ్లీషు అక్షరాన్ని మాత్రం ఆకారం చూసే గుర్తుపట్టాలి, ఊహించి కాదు. ఒక పెద్దవయసు సెట్టరన్న ఓసారి కాయితం నా ముందు పెట్టి "సార్, గిది ఐ నా, ఒకటా? మీకు తెలుస్తదేమో గనీ నాకైతే రెండూ ఒక్కతీర్గనే ఉన్నయ్" అన్నాడు. "అన్నా, పక్కన చుక్క ఉంది కాబట్టి..." అని నేను మొదలుపెట్టేలోపే, "చుక్క యాడుంది సార్?" అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాడు. జిరాక్సులో అది ఎప్పుడో ఎగిరిపోయింది.

ఫాంట్ల గురించి ఎవరు రాసినా సున్నా దగ్గరే ఆగిపోతారు. సున్నాలో గీత ఉందా, చుక్క ఉందా, చిన్న ఎల్‌కి తోక ఉందా. అవి ముఖ్యమే, కాదన్ను. కానీ షాపులో చూస్తే నాకు అర్థమైంది వేరు. తప్పుల్లో రెండు రకాలున్నాయి. అరిచే తప్పులు, నోరు మెదపని తప్పులు.

0 బదులు ఓ కొట్టారనుకోండి. చాలా వరకు మెషీన్ ఒప్పుకోదు, అలారం ఇచ్చి ఆగిపోతుంది. ఐదు నిమిషాలు వృథా, సూపర్‌వైజర్ చేత నాలుగు మాటలు, అయిపోయింది. ఇది అరిచే తప్పు. మన కంపైలరు ఇచ్చే ఎర్రర్ లాంటిది.

రెండో రకం చూడండి. ఎం03 అంటే స్పిండిల్ తిప్పు. ఎం08 అంటే కూలెంట్ వదులు. రెండూ సరైన ఆజ్ఞలే. అరిగిపోయిన ప్రింటులో 3ని 8 అనుకుని కొడితే మెషీన్‌కి అభ్యంతరం ఏముంటుంది? ఇంటర్‌లాక్ లేని పాత మెషీన్ ఐతే టూలు తిరక్కుండానే జాబ్ మీదకి వెళ్తుంది. జీ54, జీ55, జీ56 అన్నీ జాబ్ సున్నా బిందువు ఎక్కడుందో చెప్పేవే, అన్నీ చెల్లేవే. హెచ్05, హెచ్06 వేరు వేరు టూళ్ళ పొడవులు. ఒకటి బదులు ఇంకోటి పడితే టూలు ఎంత పొడుగుందో మెషీన్‌కి తప్పు తెలుస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదం చుక్క. చాలా ఫానుక్ కంట్రోళ్ళ సెట్టింగులో 10 పక్కన చుక్క పెడితే 10 మిల్లీమీటర్లు. చుక్క లేకుండా 10 అంటే 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్లో నూరో వంతు. ఇప్పుడు "టూలుని జాబ్ మీదనించి 50 మిల్లీమీటర్లు పైకి లేపి, తరవాత పక్కకి వేగంగా జరుగు" అని రాశారనుకోండి. చుక్క పోతే టూలు ఉండేది జాబ్ మీద మిల్లీమీటర్లో ఇరవయ్యో వంతు ఎత్తులో. తరవాత పూర్తి వేగంతో పక్కకి జరుగుతుంది, దారిలో క్లాంపు ఉంటుంది. అలారం రాదు. శబ్దం వస్తుంది.

ఇది ఊహించి రాసింది కాదు. నేను వెళ్ళే ఒక షాపులో, పేరు వద్దు లెండి, ఇంచుమించు ఇదే జరిగింది. సీరియల్ కేబులు పాడైతే నైట్ షిఫ్టు ఆపరేటరు కాయితం చూసి ప్రోగ్రాము చేత్తో కొట్టాడు. ఆ కాయితం జిరాక్సుకి జిరాక్సు. టూలు విరిగింది, స్పిండిల్ బేరింగులు పోయాయి, మెషీన్ వారం రోజులు ఆగింది. రిపోర్టులో కారణం దగ్గర "ఆపరేటర్ తప్పిదం" అని రాశారు. ఇరవై మూడేళ్ళ కుర్రాడు, కాంట్రాక్టు మీద ఉన్నాడు. తరవాతి వారం గేటు దగ్గరే ఆపేశారు. నేను ఆ కాయితం చూశాను. అందులో చుక్క ఉందని ఎవరైనా చూపిస్తే వాళ్ళకి దణ్ణం పెడతా. ఆ ప్రింటు ఏ ఫాంటులో ఉండాలో ఎంచింది ఆ కుర్రాడు కాదు. ఎవరూ ఎంచలేదు, విండోసులో డిఫాల్టుగా ఏదుంటే అదే వచ్చింది. అది మాత్రం రిపోర్టులో లేదు.

అందుకే ఫాంటు విషయాన్ని అభిరుచి అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇక ఏ ఫాంటు అనే ప్రశ్న. వరసగా నాకు తెలిసినవి చెప్తా.

కొరియర్ న్యూ: 1992లో విండోస్ 3.1తో వచ్చింది, అన్ని విండోస్ కంప్యూటర్లలోనూ ఉంటుంది. గీతలు మరీ వెంట్రుకల్లా సన్నం. చిన్న ఎల్, 1 కవలలు. సున్నాలో ఏ గుర్తూ లేదు. జిరాక్సు తీస్తే మొదట ఎగిరిపోయేది ఇదే. షాపు ఫ్లోరుకి పనికిరాదు.

లూసిడా కన్సోల్: బిగెలో, హోమ్స్ కలిసి చేసింది. ఎక్స్‌పీ, విండోస్ 7 నోట్‌ప్యాడ్‌లో కనిపించేది ఇదే. గీతలు మందం, వెడల్పు అక్షరాలు, చదవడానికి హాయి. కానీ సున్నా ఉత్త సున్నాయే.

కన్సోలాస్: లూకాస్ డి గ్రూట్ చేశాడు, విండోస్ విస్టాతో వచ్చింది. అందంగా ఉంటుంది, సున్నాలో అడ్డగీత ఉంది. రెండు ఇబ్బందులు. మైక్రోసాఫ్ట్ సొత్తు కాబట్టి మన ఇష్టమొచ్చిన లైనక్సు పెట్టెలో పెట్టడానికి లేదు. ఎక్స్‌పీలో దానంతట అది రాదు, మెషీన్ పక్కన ఎక్స్‌పీ పెట్టెలు నడుస్తున్న షాపులు నేను ఇప్పటికీ చూస్తున్నా.

అడ్డగీతతో ఇంకో తంటా కూడా ఉంది, సాఫ్ట్‌వేర్ వాళ్ళకి తట్టదు. డ్రాయింగుల్లో వ్యాసానికి గుర్తు ఏంటి? గుండ్రం మీద అడ్డగీత. షాపులో దాన్ని "డయా" అంటారు. సెటప్ షీటులో డయా గుర్తూ, అడ్డగీత సున్నా పక్కపక్కన వస్తే ఏది ఏదో చెప్పడం కష్టం. కాబట్టి మాకు లోపల చుక్క ఉన్న సున్నా మేలు.

సున్నాలో చుక్క పెట్టడం తెలుగువాడికి కొత్తేం కాదు కదా. ద లోపల చుక్క పెడితే థ. ర లోపల చుక్క పెడితే ఠ. ఒక్క చుక్కతో అక్షరం మారిపోతుందని మనకి ఒకటో తరగతిలోనే చెప్పారు.

సోర్స్ కోడ్ ప్రో: అడోబీ వాళ్ళు 2012లో విడుదల చేశారు, పాల్ హంట్ చేశాడు. చుక్క సున్నా, ఎన్నో మందాలు, ఉచితం. జెట్‌బ్రెయిన్స్ మోనో: 2020లో వచ్చింది. చిన్న అక్షరాలు కాస్త పొడుగ్గా ఉంటాయి కాబట్టి చిన్న సైజులోనూ తెలుస్తాయి. నా సొంత ల్యాప్‌టాప్‌లో ఇదే. చూపు తక్కువున్న ప్రోగ్రామర్లని సంప్రదించి చేసిన ఇంటెల్ వన్ మోనో 2023లో వచ్చింది, అదీ ఉచితమే, ఓసారి వాడి చూడండి.

డెజావు సాన్స్ మోనో: షాపులకి మేం పెట్టేది ఇది. 2003లో గ్నోమ్ వాళ్ళ చొరవతో బిట్‌స్ట్రీమ్ వెరా ఉచితంగా వచ్చింది, దాని నించి పుట్టిందే డెజావు. 2016 తరవాత కొత్త విడుదల లేదు, చూడ్డానికి మోటుగా ఉంటుంది, పెళ్ళిచూపులకి పనికిరాదు. కానీ గీతలు మందం, చుక్క పెద్దది, సున్నా లోపలి గుర్తు అంచులకి తగలదు, ఎక్స్‌పీ పెట్టెలో కూడా నడుస్తుంది. పైసా ఖర్చు లేదు, ఎన్ని కంప్యూటర్లలోనైనా పెట్టుకోవచ్చు. పది వేలు పెట్టి ప్రింటరు కొనడానికే నెల ఆలోచించే ఓనరుకి ఈ చివరి మాట ముఖ్యం.

ఐతే నేను చెప్పానని ఏదీ పెట్టకండి. పరీక్ష పెట్టి ఎంచండి. మేం చేసే పరీక్ష ఇది, ఎవరైనా చేసుకోవచ్చు. పైన చెప్పిన మోసం జంటలన్నీ, వాటితో పాటు 3-8, 5-6, 6-8, చుక్క ఉన్న 10, చుక్క లేని 10, కామా, చుక్క, కోలన్, సెమికోలన్, అన్నీ కలగాపులగంగా నాలుగు వరసల్లో కొట్టండి. షాపులో ఉన్న ప్రింటరు మీదే ప్రింటు తీయండి, ఆఫీసు లేజరు మీద కాదు. దాన్ని జిరాక్సు తీయండి, ఆ జిరాక్సుని మళ్ళీ జిరాక్సు తీయండి. ఇప్పుడు దాన్ని ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి, అటువైపు మనిషిని ఇంకొకరికి పంపమనండి. నవ్వకండి, ఇవాళ షాపుల్లో సగం ప్రోగ్రాములు అలాగే తిరుగుతున్నాయి. చివరికి చేరినదాన్ని మీ టీములో లేని మనిషి చేత పైకి చదివించండి. ఎవరైనా ఎక్కడైనా తడబడితే ఆ ఫాంటు ఫెయిలు. అందం గురించి ఆలోచించాల్సింది ఈ పరీక్ష పాసైన వాటిలోనే.

ఈ పరీక్షలో ఇంకోటి కూడా బయటపడింది. పెద్ద సైజుని మించిన ఫాంటు లేదు. 9 పాయింట్లలో గొప్ప ఫాంటు కన్నా 13 పాయింట్లలో మామూలు ఫాంటు నయం. పేజీలు ఎక్కువవుతాయని ఓనరు గొణుగుతాడు. స్పిండిల్ రిపేరు బిల్లు గుర్తు చేయండి.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది, లిగేచర్లు. ఫిరా కోడ్ వచ్చిన దగ్గర్నించీ ఇదో మోజు. రెండు మూడు గుర్తులు పక్కపక్కన పడితే వాటిని కలిపి ఒకే బొమ్మగా చూపిస్తుంది. చిన్నది, సమానం అనే రెండు గుర్తులు కలిసి లెక్కల పుస్తకంలోలా కనిపిస్తాయి. ఒంటరిగా పనిచేసుకునేవాళ్ళకి బానే ఉంటుంది. కానీ మీ తెర చూసి కొత్త కుర్రాడు నేర్చుకుంటున్నప్పుడు, కీబోర్డు మీద ఆ బొమ్మ ఎక్కడుందని వెతుకుతాడు. కనపడేది ఒకటి, కొట్టాల్సింది ఇంకోటి. నా ఓటు వ్యతిరేకం.

రెండోది, అసలు మోనోస్పేసే ఎందుకు అనే వాదన. ఇది తీసిపారేసేది కాదు. ప్లాన్ 9లో రాబ్ పైక్ చేసిన ఆక్మీ ఎడిటరు మామూలు ఫాంటుతోనే వస్తుంది. సీ ప్లస్ ప్లస్ సృష్టికర్త స్ట్రౌస్ట్రప్ తన పుస్తకంలో కోడుని మామూలు ఫాంటులోనే అచ్చు వేయించాడు. ఇంగ్లీషు వాక్యాల్లా ఉండే కోడుకి వాళ్ళు చెప్పేది నిజమే కావచ్చు. కానీ అంకెల వరసలు ఉన్నచోట గడులు కావాల్సిందే. ఇంకో సంగతి, మామూలు ఫాంటుల్లో చుక్కకి ఇచ్చే చోటు చాలా తక్కువ, పక్క అంకెకి అతుక్కుపోతుంది. మోనోస్పేసులో చుక్కకీ ఒక పూర్తి గడి ఉంటుంది. చుక్క ఉండాల్సిన చోట ఖాళీ ఉంటే ఆ ఖాళీ ఐనా కనపడుతుంది. పైన జరిగిన కథ చూశాక ఇదొక్కటి చాలు నాకు.

మూడోది మన తెలుగు. జీ కోడ్‌లో తెలుగు ఉండదు గానీ, పక్కనే ఉండే సెటప్ షీటులో "క్లాంపు ఎడమవైపు బిగించాలి" లాంటి సూచనలు తెలుగులో, హిందీలో పెట్టడం మొదలుపెట్టాం. చదివేవాళ్ళకి ఇది పెద్ద సాయం. చిక్కల్లా, తెలుగు గడుల్లో ఇమడదు. "స్త్రీ" అనే అక్షరం తీసుకోండి. కంటికి కనపడేది 1. పైథాన్‌ని పొడవెంత అని అడిగితే 6 అంటుంది. పాత లెక్క వేసే టెర్మినల్ 3 గడులు కేటాయిస్తుంది. ముగ్గురిలో ఎవరి మాట నమ్మి పక్క వరస జరపాలి? ఒకప్పుడు ఆఫీసుల్లో తెలుగు టైపుమిషన్లుండేవి, వాటిలో తెలుగుని గడుల్లో కూర్చేవాళ్ళు, ఆ అక్షరాలు చూసినవాళ్ళకి తెలుసు అవెంత ఇబ్బంది పడేవో. కాబట్టి సమవెడల్పు తెలుగు ఖతి కావాలని నేను అడగను. స్పేసులు కొట్టి వరసలు కలపడం మానేసి, తెలుగుకి విడిగా ఒక గడి ఉన్న పట్టిక గీసి అందులో పెట్టండి చాలు.

తెలుగు ఖతికి కూడా అదే పరీక్ష పెట్టాలి. ద, థ, ధ. డ, ఢ. బ, భ. జిరాక్సులో ఇవి నిలబడాలి. తిరుమల కృష్ణ దేశికాచారి గారి పోతన అంటే నాకు ప్రాణం, పుస్తకం చదవడానికి అంత బాగుండేది తక్కువ. కానీ జిడ్డు చేతుల కాయితానికి సన్నగీతలు కుదరవు, అక్కడ గీత మందం ఒకేలా ఉండే నోటో సాన్స్ తెలుగు పెట్టాం. ఇంకో సంగతి, మనకీ ఒక సున్నా గొడవ ఉంది. నిండుసున్న, తెలుగు అంకె సున్నా. సంగారెడ్డి, స౦గారెడ్డి. ఈ రెండిట్లో తేడా కనిపెట్టారా? రెండోదాంట్లో ఉన్నది అంకె. చాలా ఖతుల్లో కంటికి ఒకటే, కంప్యూటరుకి వేరు. ఒకదానితో దాచి ఇంకోదానితో వెతికితే దొరకదు. లాటిన్ ఖతులు చేసేవాళ్ళు సున్నా కోసం ఇంత తన్నుకుంటుంటే, మన ఖతుల్లో ఈ రెంటికీ తేడా చూపించాలని పట్టుబట్టేవాళ్ళు మరీ తక్కువ.

చివరిగా ఒక్క మాట, ఫాంటు ఎంత మంచిదైనా అది రెండో కాపలాదారే. మొదటి కాపలా మనం కోడ్‌లు, నంబర్లు తయారు చేసే దగ్గరే పెట్టాలి. వాహనాల ఛాసిస్ నంబర్లు చూడండి. 17 అక్షరాల ఆ నంబర్లో ఐ, ఓ, క్యూ వాడకూడదని నియమం. జహీరాబాద్‌లో తయారైనా జర్మనీలో తయారైనా అంతే. బిట్‌కాయిన్ చిరునామాల 2009 నాటి పాత పద్ధతిలో సున్నా, పెద్ద ఓ, పెద్ద ఐ, చిన్న ఎల్ నాలుగూ తీసేశారు. అదే మన బ్యాంకుల ఐఎఫ్ఎస్‌సీ చూడండి. 11 అక్షరాల్లో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా. నాలుగు అక్షరాల పక్కనే సున్నా పెడితే ఎవరైనా ఓ అనే కదా చదువుతారు! మీరు బ్యాచ్ నంబర్లో, టూలు నంబర్లో, ఉద్యోగుల ఐడీలో తయారు చేస్తుంటే ఆ నాలుగైదు అక్షరాలు ముందే తీసేయండి. ఎవరూ ఏడవరు. మేం మా ప్రోగ్రాముల్లో ఇంకోటి కూడా చేశాం. చుక్క లేని కొలత కనిపిస్తే ప్రింటు తీసేముందే దాన్ని ఎత్తి చూపిస్తుంది, ఉన్నచోట చుక్క తరవాత ఒక సున్నా చేరుస్తుంది. 50 పక్కన చుక్క ఒక్కటే ఉంటే ఎగిరిపోవచ్చు, 50.0 లో చుక్క చెరిగితే 500 కాదు, మధ్యలో ఖాళీతో 50 0 అవుతుంది. చదివేవాడికి అనుమానం వస్తుంది. అనుమానం వస్తే అడుగుతాడు.

ఏసీ గదిలో, 27 అంగుళాల తెర ముందు కూర్చుని ఫాంటు ఎంచేవాళ్ళకి నా విన్నపం ఒక్కటే. మీరు రాసింది చివరికి ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకి చదువుతారో ఓసారి కనుక్కోండి. వాళ్ళ దగ్గరికి ఒక కాయితం పట్టుకెళ్ళి చదివించండి. వాళ్ళు ఎక్కడ తడబడ్డారో అక్కడ మార్చండి. రిపోర్టులో "ఆపరేటర్ తప్పిదం" అని రాసేముందు ఆ కాయితాన్ని కూడా ఒక్కసారి వెలుతుర్లో పెట్టి చూడమని మీ పై వాళ్ళకీ చెప్పండి.

మీ దగ్గర ఇంతకన్నా మోటు ఫాంటు, ఇంతకన్నా కఠినమైన పరీక్ష ఉంటే తప్పకుండా చెప్పండి. ఈ నెలలోనే ఇంకో మూడు షాపుల్లో పెట్టాల్సి ఉంది.